గాలపు జాబులు

ఉత్తరానికి మన జీవితంలో ఒక గౌరవస్థానం ఉన్నది. దూరదేశంలో ఉన్న బిడ్డ క్షేమం, ఉద్యోగపు ఉత్తర్వు, పెండ్లి పిలుపు, పరీక్షా ఫలితం ఒకప్పుడు పోస్టుమాను సంచిలోనే మన గడపకు వచ్చేవి. కవరు చింపకముందే అది ఎవరిదో తెలిపే గుర్తులు దానిమీద ఉండేవి. పరిచితమైన చేతివ్రాత, బయలుదేరిన ఊరిని చెప్పే తపాలా ముద్ర, క్రింద సంతకం, ఇవన్నీ ఆ ఉత్తరానికి సాక్షులు. ఆ సాక్షులను చూచియే మనం ఉత్తరాన్ని నమ్మేవారము.

ఈనాటి ఉత్తరం ఈ-మెయిలు. అది క్షణంలో ఖండాలు దాటుతుంది. కాని ఆ పాత సాక్షులను వెంట తీసుకొని రాదు. దాని అక్షరాలు అందరికీ ఒకే అచ్చు. దానిపై కనిపించే పేరు, పంపినవాడు తనకు తాను పెట్టుకొన్న పేరు మాత్రమే. ఈ లోటును ఆసరాగా చేసుకొని, పరుల పేరుతో జాబు వ్రాసి, మన ఖాతా తాళపుచెవిని మన చేతనే తెప్పించుకొనే మోసానికి 'ఫిషింగు' అని పేరు.

ప్రవేశ దరఖాస్తు, ఉపకారవేతనం, హాల్‌టికెట్టు, బ్యాంకు ఖాతా, ఉద్యోగ ప్రయత్నం, ఈనాటి విద్యార్థికి వీటిలో ఏది కావలెనన్నా ఒక ఈ-మెయిలు చిరునామా అవసరం. రహస్యపదం మరచిపోతే కొత్త రహస్యపదం వచ్చేది తరచుగా ఆ చిరునామాకే. అనగా అది పది గదుల తాళపుచెవులు వ్రేలాడే కొక్కెము వంటిది. అది పరుల చేతికి పోయిన నాడు పది గదులూ పోయినట్లే. కావున ఈ విషయం కంప్యూటరు విద్యార్థులకే పరిమితమైనది కాదు. సాహిత్యం చదివేవారికీ, వాణిజ్యశాస్త్రం చదివేవారికీ, వారిని చదివించే తల్లిదండ్రులకూ సంబంధించినది.

నేను చెప్పదలచినది ప్రధానంగా ఒక్కటే. ఈ జాబులు మన అజ్ఞానంకంటె ఎక్కువగా మన తొందరను వెదుకుతాయి. కావున వీటికి విరుగుడు అతితెలివి కాదు. ఒక మంచి అలవాటు.

పేరులోనే ఉన్న గాలం

ఆంగ్లంలో చేపలు పట్టుటను ఫిషింగు అంటారు. 1990వ దశకం మధ్యలో అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థ చందాదారులకు, తాము ఆ సంస్థ ఉద్యోగులమని సందేశాలు పంపి, వారి రహస్యపదాలను రాబట్టిన వంచకుల కాలంలో ఈ పేరు వాడుకలోకి వచ్చినది. మొదటి అక్షరం ఎఫ్‌కు బదులు పీ, హెచ్ అని వర్ణక్రమాన్ని మార్చారు, ఉచ్చారణ మారలేదు.

గోదావరి కాలువ గట్లను ఎరిగిన మనకు ఈ పోలికను విప్పి చెప్పనక్కరలేదు. గాలానికి ఎర గుచ్చి నీటిలో వేసినవాడు చేప వెంట పరుగెత్తడు. బెండు వంక చూస్తూ కూర్చుంటాడు. వంద చేపలు వచ్చి చూచి పోయినా, ఒక్కటి నోరు తెరిస్తే అతని పని నెరవేరినట్లే.

మన కళాశాలలో వినవచ్చే రెండు భాషలలోనూ ఈ మోసానికి తగిన మాటలు ముందే ఉన్నవి. తెలుగులో జాలమనగా వల. ఇంద్రజాలమనునపుడు అదే మాయ. అంతర్జాలమనే పేరులోనూ ఆ వల కనిపిస్తూనే ఉన్నది. ఉర్దూలో దొంగ పత్రాల సృష్టిని జాల్‌సాజీ అంటారు. అది అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన వేరొక పదమే అయినను, వినికిడికి మన జాలానికి చుట్టమనిపిస్తుంది. వల, మాయ, దొంగ పత్రం, ఈ మూడర్థాలూ ఒకచోట చేరినదే నేటి ఫిషింగు.

ఈ-మెయిలుకు ఈ బలహీనత ఎట్లు వచ్చినది?

1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు జాబు పంపే పద్ధతిని రూపొందించి, వ్యక్తి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ 'ఎట్' గుర్తును నిలిపాడు. 1982లో జాబుల రవాణాకు ఎస్.ఎం.టి.పి. అనే నియమావళి వెలువడినది. ఆనాడు ఆ వ్యవస్థను వాడేవారు ఎక్కువగా విశ్వవిద్యాలయాల, పరిశోధనాలయాల మనుషులు, ఒకరినొకరు నమ్మినవారు. అందువల్ల పంపినవాని పేరు నిజమేనా అని విచారించే ఏర్పాటు ఆ నియమావళిలో చేయలేదు. కవరుమీద 'ఫ్రమ్' అనే చోట ఎవరి పేరైనా వ్రాయవచ్చు. కవరు మాత్రం చేరవలసిన చోటికి చేరుతుంది.

మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం సంస్థ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు సేవను ప్రారంభించినది. దానితోపాటు ఆ ఈ-మెయిలు సౌకర్యమూ, ఆ బలహీనతా రెండూ మన ఇండ్లకు వచ్చినవి. తరువాతి కాలంలో ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డీమార్క్ అనే తనిఖీలు చేర్చబడినవి. జాబు తనపై వ్రాసి ఉన్న సంస్థ అనుమతించిన యంత్రాల నుంచే బయలుదేరినదా అని అవి పరీక్షిస్తాయి. వాటివల్ల ఎన్నో దొంగ జాబులు మన కంటబడకుండానే ఆగిపోతున్నవి. కాని మోసగాడు ఒక బ్యాంకు పేరును పోలిన కొత్త పేరును తానే నమోదు చేయించుకొని, ఆ పేరునుంచే జాబు పంపితే, ఈ తనిఖీలన్నిటిలోనూ అతడు ఉత్తీర్ణుడవుతాడు. యంత్రం అడిగేది 'ఈ జాబు ఆ చిరునామాదేనా?' అని మాత్రమే. 'ఆ చిరునామా మంచివాడిదేనా?' అనే ప్రశ్న మనకే మిగిలి ఉన్నది.

హైదరాబాదు బ్యాంకు ఉదంతం

ఈ మోసం ఎక్కడో పరదేశాలలో జరిగేదనీ, అమాయకులకే తగిలేదనీ భావించేవారు హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకుకు జరిగినదానిని గమనించవలసి ఉన్నది. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు సుమారు 200 ఫిషింగు జాబులు వచ్చినవి. వాటిని నమ్మి తెరిచినవారు ఇద్దరు. ఆ తెరచిన జాబుల వెంట ఒక రహస్య ప్రోగ్రాము వారి కంప్యూటర్లలో ప్రవేశించి, దూరాన ఉన్న దొంగకు ఆ యంత్రాల పగ్గాలను అప్పగించినది. దొంగలు అప్పటికప్పుడు ఏమీ చేయలేదు. రెండు మాసాలు ఓపిక పట్టి, లోపలి దారులన్నీ తెలుసుకొని, 2022 జనవరిలో సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలను వందకు పైగా ఖాతాలలోకి మళ్ళించారు. ఆ ఏడాది మార్చిలో హైదరాబాదు పోలీసులు ఈ వివరాలను వెల్లడించారు. భద్రతా నియమాల ఉల్లంఘనకు 2023లో భారతీయ రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

ఇందులో విద్యార్థులు గ్రహించవలసిన పాఠాలు రెండున్నవి. మొదటిది లెక్కకు సంబంధించినది. 200 జాబులకు రెండు ఫలించినవి. అనగా నూటికి ఒకటి. తొంభైతొమ్మిది మంది జాగ్రత్త, ఒకరి తొందర ముందు నిలువలేకపోయినది. రెండవది నీతికి సంబంధించినది. దొంగిలించిన సొమ్ము గాలిలో నిలువదు. అది దిగుటకు ఎవరో ఒకరి ఖాతా కావాలి. కమీషను ఆశతో తమ ఖాతాలను పరులకు అప్పగించినవారు కూడా ఆ కేసులో అరెస్టయ్యారు. 'నీ బ్యాంకు ఖాతాను పది రోజులు వాడుకోనివ్వు, ఐదువేలు ఇస్తాను' అని విద్యార్థిని అడిగేవాడు ఉపకారి కాడు. అతడు ఆ విద్యార్థిని దొంగసొమ్ముకు సంచిగా వాడుకొంటున్నాడు.

ప్రపంచమంతటా ఇదే కథ. బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులోకి దొంగలు ప్రవేశించినది ఉద్యోగ దరఖాస్తు రూపంలో వచ్చిన ఈ-మెయిలు ద్వారానే. 2016 ఫిబ్రవరిలో న్యూయార్కులో ఉన్న ఆ బ్యాంకు నిలువ నుంచి సుమారు 95 కోట్ల డాలర్లను లాగుటకు వారు ప్రయత్నించి, 8 కోట్ల 10 లక్షల డాలర్లను ఫిలిప్పీన్సుకు తరలించారు. శ్రీలంకకు పంపిన మరొక 2 కోట్ల డాలర్లు ఆగిపోయినవి. ఆగిపోవుటకు ఒక కారణం, దొంగలు 'ఫౌండేషన్' అనే పదాన్ని 'ఫాండేషన్' అని తప్పుగా వ్రాయుట! అక్షరదోషం ఒక దేశపు ధనాన్ని కొంత కాపాడిన అరుదైన సందర్భమిది.

అదే 2016 మార్చిలో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న హిల్లరీ క్లింటన్ ప్రచారాధిపతి జాన్ పొడెస్టాకు, 'మీ రహస్యపదం ఇతరులకు తెలిసినది, వెంటనే మార్చుకోండి' అని ఒక దొంగ జాబు వచ్చినది. దానిని పరిశీలించిన సహాయకుడు 'అసలైనది కాదు' అని వ్రాయబోయి, ఒక ఉపసర్గ తప్పి 'అసలైనదే' అనే అర్థం వచ్చే పదం వ్రాశానని తరువాత చెప్పుకొన్నాడు. ఆ ఖాతాలోని వేలకొలది ఉత్తరాలు లోకానికి బహిర్గతమైనవి. బ్యాంకు ఉద్యోగులు, రాజకీయ ప్రముఖులు చిక్కిన గాలమిది. కావున చిక్కినవానిని తెలివితక్కువవాడని పరిహసించుట తగదు.

ఎరలు నాలుగు

గాలం ఒకటే, ఎరలు మారుతుంటాయి. పరిశీలిస్తే అవి ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది భయం. 'మీ ఖాతా ఈ రాత్రి 12 గంటలకు మూసివేయబడును', 'మీ పేరుపై కేసు నమోదైనది', 'మీ ఆధార్ చెల్లదు' అనే ధోరణి. భయపడిన మనస్సు ప్రశ్నించదు.

రెండవది ఆశ. 'మీకు ఉపకారవేతనం మంజూరైనది, ఖాతా వివరాలు ధ్రువీకరించండి', 'మీకు గల్ఫు దేశంలో ఉద్యోగం సిద్ధంగా ఉన్నది, వీసా రుసుము చెల్లించండి', 'ఇంటివద్దనే పని, నెలకు నలభైవేలు' అనే ధోరణి. పేదయింటి విద్యార్థికి ఈ ఎర మిక్కిలి ప్రమాదకరం. ఎందుకనగా అతడు నిజంగానే ఒక ఉపకారవేతనపు జాబు కొరకు ఎదురు చూస్తున్నాడు. హజ్ యాత్రకు దరఖాస్తు చేసుకొని కబురుకై ఎదురు చూచే పెద్దలకూ ఇదే ప్రమాదం ఉన్నది. ఎదురుచూపు ఉన్నచోటికే ఎర వస్తుంది.

మూడవది అధికారం. ప్రిన్సిపాలు పేరుతోనో, పై అధికారి పేరుతోనో, 'నేను సమావేశంలో ఉన్నాను, మాట్లాడుటకు వీలు లేదు, వెంటనే ఈ పని చేయి' అని వస్తుంది. పెద్దలమాట జవదాటరాదనే మన సంస్కారాన్నే మోసగాడు ఇక్కడ ఆయుధంగా వాడుకొంటాడు.

నాల్గవది స్నేహం. మిత్రుని ఖాతాను ముందుగా కాజేసి, అతని పేరుతోనే 'నీ ఫోటో ఒకటి ఇక్కడ ఉన్నది, చూడు' అని పంపుతారు. చిరునామా నిజమైనదే, వ్రాసినవాడు మాత్రం మిత్రుడు కాడు.

ఈ నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఉండేది తొందర. 'ఆలస్యం అమృతం విషం' అనే నానుడి ఈ ఒక్కచోట తలక్రిందులవుతుంది. ఇక్కడ తొందరయే విషం, నిదానమే ప్రధానం.

గుర్తించుట ఎట్లు?

వెనుక అక్షరదోషాలు, వికృతమైన భాష దొంగ జాబుకు మంచి గుర్తులుగా ఉండేవి. ఇప్పుడు ఆ గుర్తును నమ్ముకొనరాదు. 2022 చివరినుంచి ప్రజలకు అందుబాటులోకి వచ్చిన కృత్రిమ మేధా యంత్రాలు చక్కని ఆంగ్లంలోనూ, చదివించే తెలుగులోనూ జాబులు వ్రాయగలవు. భాష బాగున్నంత మాత్రాన జాబు మంచిది కాదు. అందువల్ల చూడవలసినది భాషను కాదు, చిరునామాను.

చిరునామా చదువుటకు మన కళాశాలలో ఒక అనుకూలత ఉన్నది. వెబ్ చిరునామాను ఉర్దూ లిపివలె కుడినుంచి ఎడమకు చదవాలి. ముందుగా వచ్చే జంట గీతను వదిలి, ఆ తరువాత వచ్చే మొదటి ఒంటి అడ్డుగీత వద్ద ఆగి, అక్కడినుంచి వెనుకకు నడవాలి. చివర ఉన్న పేరే యజమాని పేరు. దానికి ఎడమవైపున ఉన్నదంతా ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్లు పెట్టుకొన్న గదుల పేర్లు. ఉదాహరణకు మన రాష్ట్ర ఉపకారవేతనాల చిరునామా 'జ్ఞానభూమి డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్'. చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉన్నది కావున అది ప్రభుత్వానిది. అదే మాటలకు కుడివైపున 'డాట్ ఫలానా డాట్ కామ్' అని తోక తగిలించినచో, అది ప్రభుత్వానిది కాదు, ఆ ఫలానావానిది. మన సామర్లకోటలో ఒక సందుకు 'ఢిల్లీ వీధి' అని పేరు పెట్టినంత మాత్రాన ఆ సందు ఢిల్లీలోనికి పోదు కదా! ఈ-మెయిలు చిరునామాలోనూ 'ఎట్' గుర్తుకు కుడివైపున ఉన్న పేరును ఇదే విధంగా చదవాలి.

హజ్ కమిటీ ఆఫ్ ఇండియా చిరునామా కూడ 'జీఓవీ డాట్ ఇన్'తోనే ముగుస్తుంది. బ్యాంకుల విషయంలో 2025లో ఒక మంచి మార్పు వచ్చినది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను ఆ సంవత్సరం అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ముగింపునకు మార్చుకోవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ ముగింపు బ్యాంకులకు తప్ప ఇతరులకు దొరకదు. కావున బ్యాంకు పేరుతో వచ్చిన చిరునామా చివర వేరొక ముగింపు కనిపించినచో అనుమానించుట న్యాయం.

తరువాత అక్షరాలను చూడాలి. ఉర్దూ చదివినవారికి ఒక్క చుక్క మహిమ తెలియనిది కాదు. అక్షరానికి పైన ఉన్న చుక్క క్రిందికి దిగితే 'ఖుదా' అనే మాట 'జుదా' అవుతుంది. రోమను లిపిలోనూ ఇట్టి చిక్కులున్నవి. ఆర్, ఎన్ అనే రెండక్షరాలు పక్కపక్కన చేరితే ఎమ్ వలె కనిపిస్తుంది. ఓ అక్షరానికి బదులు సున్నను, ఎల్ అక్షరానికి బదులు ఒకటి అంకెను పెడితే చూపు మోసపోతుంది. రష్యను లిపిలోని కొన్ని అక్షరాలు రోమను అక్షరాలకు కవల పిల్లలు. కన్ను త్వరగా చదివినపుడు ఉన్నదానిని కాక, తాను అనుకొన్నదానిని చదువుతుంది.

మూడవది, జాబులో నొక్కుమని ఇచ్చే లింకు. పైకి కనిపించే మాట ఒకటి, అది తీసుకొనిపోయే చోటు వేరొకటి కావచ్చును. సామర్లకోట జంక్షనులో నిలిచిన రైలుపెట్టె పలకమీద ఏమి వ్రాసి ఉన్నా, అది పోయేది పట్టాలు మళ్ళిన దిక్కుకే. కాకినాడ పలక పెట్టినంత మాత్రాన ప్రధాన మార్గాన పోయే బండి కాకినాడ చేరదు. కంప్యూటరులో ఆ మాటపై బాణపు గుర్తును నిలిపితే, ఫోనులో వేలితో కొంతసేపు అదిమి ఉంచితే, అసలు గమ్యం కనిపిస్తుంది. చిరునామా పక్కన చిన్న తాళం బొమ్మ ఉన్నదని ధైర్యపడుట కూడదు. దారిలో మన మాటలు ఇతరులు వినలేరని మాత్రమే ఆ తాళం అర్థం. దారి చివర కూర్చున్నవాడు దొంగా దొరా అన్నది అది చెప్పదు.

నాల్గవది, జోడించిన ఫైలు. ఎదురు చూడని బిల్లు, సమను, బయోడేటా, పెండ్లి పత్రిక రూపంలో ప్రోగ్రాములు వస్తాయి. ముఖ్యంగా ఫోనులో 'ఏపీకే' అని ముగిసే ఫైలు పత్రం కాదు, పనిచేసే ప్రోగ్రాము. అది మన సందేశాలను చదివి పరులకు చేరవేయగలదు.

తప్పించుకొనుట ఎట్లు?

పై గుర్తులన్నీ ఎల్లవేళల జ్ఞాపకం ఉండకపోవచ్చు. అలసిన రాత్రి, పరీక్షల హడావిడిలో, ఎంతటివారైనా ఒకటి మరువవచ్చు. అందుకే ముందు చెప్పిన ఆ ఒక్క అలవాటు అవసరం. అదేమనగా: జాబు చూపిన దారిన పోకుండుట, మనకు తెలిసిన దారిన పోవుట. బ్యాంకు పేరుతో జాబు వస్తే ఆ లింకును నొక్కక, మనమే బ్యాంకు యాప్‌ను తెరిచి చూడాలి. లేదా పాసుపుస్తకం మీద, కార్డు వెనుక ఉన్న నెంబరుకు ఫోను చేయాలి. ఉపకారవేతనపు జాబు వస్తే చిరునామాను మనమే టైపు చేసి లోపలికి పోవాలి. లేదా కళాశాల కార్యాలయంలో విచారించాలి. ప్రిన్సిపాలు పేరుతో జాబు వస్తే నేరుగా అడగాలి. నిజమైన జాబు అయితే ఈ పది నిమిషాల ఆలస్యం వల్ల నష్టం లేదు. దొంగ జాబు అయితే ఈ పది నిమిషాలే మన రక్షణ. దొంగ జాబు ఎంత చక్కగా అల్లినదైనను, మనం ఆ దారిన పోనప్పుడు ఆ అల్లిక అంతా వ్యర్థం.

దీనికి తోడు మరికొన్ని కట్టుదిట్టాలు చేసుకోవాలి. ఒకే రహస్యపదాన్ని అన్ని ఖాతాలకూ వాడరాదు. ఒకచోట పోతే అన్నిచోట్లా పోతుంది. రెండంచెల ధ్రువీకరణను, ముఖ్యంగా ఈ-మెయిలు ఖాతాకు, తప్పక ఏర్పాటు చేసుకోవాలి. అయినను ఓటీపీ ఒక్కటే కవచమని నమ్మరాదు. దొంగ పేజీలో మనం ఓటీపీని వ్రాసిన క్షణంలోనే మోసగాడు దానిని అసలు పేజీలో వాడగలడు. ఇప్పుడు వాడుకలోకి వస్తున్న 'పాస్‌కీ' పద్ధతి ఇంతకంటె మేలైనది. అది అసలు చిరునామాకు మాత్రమే స్పందిస్తుంది. దొంగ పేజీ ఎంత పోలికగా ఉన్నా మౌనంగా ఉంటుంది. రహస్యపదాలను భద్రపరచే ప్రోగ్రాములకూ ఈ గుణమున్నది. ప్రతిసారి తానే నింపే ప్రోగ్రాము ఒకనాడు నింపక ఊరుకొన్నదంటే, అది చెప్పే మాటను ఆలకించాలి.

ఓటీపీ, పిన్, రహస్యపదం, వీటిని ఏ బ్యాంకూ జాబు వ్రాసి అడుగదు. డబ్బు రావలసి ఉన్నపుడు యూపీఐ పిన్ కొట్టవలసిన పని లేదు. పిన్ కొట్టినచో డబ్బు పోవునే గాని రాదు. మన సంప్రదాయంలో అమానత్ అనే మాట ఉన్నది. పరులు నమ్మి మన వద్ద ఉంచినదానిని కాపాడుట అని దాని భావం. విద్యార్థి ఖాతాలోని సొమ్ము చాలావరకు తల్లిదండ్రుల కష్టార్జితం. దాని తాళపుచెవి వారి అమానత్ అని భావించినవాడు తొందరపడి పరులకు ఇవ్వడు.

చిక్కిన తరువాత

ఇంత జాగ్రత్తపడినా గాలం తగులుట సంభవమే. అప్పుడు చేయవలసిన పనులకు వరుస ఉన్నది. డబ్బు పోయినచో వెంటనే బ్యాంకుకు తెలిపి ఖాతాను, కార్డును నిలుపుదల చేయించాలి. ఆలస్యం లేకుండా 1930 అనే జాతీయ సహాయ నెంబరుకు ఫోను చేయాలి. 2019 ఆగస్టులో కేంద్ర హోం శాఖ ప్రారంభించిన జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్ 'సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్'లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దొంగసొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు పరుగెత్తుతూ ఉంటుంది. అది ఖాతాలలో ఉన్నంతసేపు ఆపుటకు అవకాశముంటుంది. చేతికి నగదుగా మారిన తరువాత ఆశ సన్నగిల్లుతుంది. కావున మొదటి గంట అమూల్యమైనది.

ఈ-మెయిలు ఖాతా పోయినచో మంచిదని నమ్మిన వేరొక యంత్రం నుంచి రహస్యపదం మార్చి, ఇతర చోట్ల తెరచి ఉన్న ఖాతాలన్నిటినీ మూయించాలి. మన జాబులు పరుల చిరునామాకు చేరేటట్లు ఏదైనా నియమం పెట్టి పోయారేమో, ఖాతా పునరుద్ధరణకు ఇచ్చిన ఫోను నెంబరును మార్చారేమో చూడాలి. ఈ చూపు లేకపోతే దొంగ తలుపు నుంచి పోయి కిటికీ నుంచి మరల వస్తాడు. దొంగ జాబును కోపంతో చెరిపివేయరాదు; అది సాక్ష్యం.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులరులోని ఒక సూత్రం అందరూ గుర్తుంచుకోదగినది. ఖాతాదారుడు తానే రహస్య వివరాలు ఇచ్చిన సందర్భంలో, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం అతనిది. తెలిపిన తరువాత జరిగిన నష్టం బ్యాంకుది. అనగా సిగ్గుపడి దాచిన ప్రతి గంటకూ వెల ఉన్నది. 'నాన్నకు తెలిస్తే కోప్పడతారు', 'మిత్రులు నవ్వుతారు' అనే జంకు ఎన్ని ఇండ్లలో నష్టాన్ని పెంచుతున్నదో! తల్లిదండ్రులకు నా మనవి ఏమనగా, బిడ్డ వచ్చి చెప్పిన నాడు ముందు బ్యాంకుకు ఫోను చేయండి, మందలింపు తరువాత.

చట్టం ఏమి చెప్పుచున్నది?

మన దేశంలో ఫిషింగును చట్టవిరుద్ధమని న్యాయస్థానం స్పష్టంగా గుర్తించిన తొలి తీర్పు 2005 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చినది. ఉద్యోగాలు కుదిర్చే ఒక సంస్థను నడిపేవారు, సాఫ్ట్‌వేర్ కంపెనీల సమాఖ్య నాస్‌కామ్ పేరుతో ఈ-మెయిళ్ళు పంపి జనుల స్వంత వివరాలు సేకరించారు. ఆనాటికి మన చట్టాలలో ఫిషింగు అనే మాట లేకపోయినను, పరుల పేరును వంచనతో వాడుకొనుట తప్పేనని కోర్టు నిర్ణయించినది. ప్రతివాదులు 16 లక్షల రూపాయలు చెల్లించుటకు అంగీకరించారు. ఆ ఉదంతంలోని ఎర కూడ ఉద్యోగమే అన్నది విద్యార్థులు గమనించాలి.

తరువాత 2008లో సవరించిన సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షను పరుల రహస్యపదాన్ని, గుర్తింపును కాజేయుటను, 66డీ సెక్షను కంప్యూటరు ద్వారా పరుల వేషంలో మోసగించుటను నేరాలుగా నిర్వచించినవి. ఒక్కొక్కదానికి మూడేండ్లవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా కలవు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని వంచన నిబంధనలు కూడ వర్తిస్తాయి.

కళాశాల కర్తవ్యం

విద్యార్థి ఒక్కడే జాగ్రత్తపడితే చాలదు. హైదరాబాదు ఉదంతం చూపినట్లు, సంస్థ భద్రత దానిలోని అత్యంత తొందరపాటు మనిషి భద్రతకు మించదు. కావున కళాశాల కమిటీవారి పరిశీలనకు కొన్ని సూచనలు సమర్పిస్తున్నాను.

కళాశాల పంపే జాబులన్నీ ఒకే అధికార చిరునామా నుంచి పోవాలి. ఆ చిరునామాను నోటీసు బోర్డు మీద వ్రాసి ఉంచాలి. ఫీజు, ఉపకారవేతనం, పరీక్షల విషయమై ఏ జాబు పంపినా అదే ప్రకటన నోటీసు బోర్డుపైన కూడ కనిపించాలి. అప్పుడు విద్యార్థికి సరిచూచుకొనుటకు ఒక చోటు ఉంటుంది. కళాశాల ఎన్నడూ ఈ-మెయిలు ద్వారా రహస్యపదం గాని ఓటీపీ గాని అడుగదని ప్రవేశ సమయంలోనే తెలియజేయాలి. ఉపకారవేతనాల పోర్టల్‌లో కళాశాల తరఫున వాడే రహస్యపదాన్ని నలుగురు పంచుకొనుట, కాగితంమీద వ్రాసి గోడకు అంటించుట మానాలి. ప్రయోగశాలలోని కంప్యూటర్లలో ఖాతాలు తెరిచినవారు మూసి పోయేటట్లు అలవాటు చేయాలి. అన్నిటికంటె ముఖ్యంగా, అనుమానపు జాబు వచ్చిన విద్యార్థి నిస్సంకోచంగా తీసుకొనిపోయి చూపుటకు ఒక అధ్యాపకుని నియమించాలి. ఆ అధ్యాపకునికి కంప్యూటరు పాండిత్యం కంటె, వచ్చిన బిడ్డను చిన్నబుచ్చని ఓర్పు ఎక్కువ అవసరం.

విద్యార్థులకు ఒక బాధ్యత అప్పగించి ఈ వ్యాసాన్ని ముగిస్తాను. మీ ఇండ్లలో అక్షరాలు ఎరుగని పెద్దలున్నారు. అక్షరాలు తెలిసినా ఈ కొత్త జాబుల తీరు ఎరుగని అమ్మీలు, నాన్నలు ఉన్నారు. వెనుకటి రోజులలో ఊరిలో చదువుకొన్న కుర్రవాడు పదిమందికి ఉత్తరాలు చదివి పెట్టేవాడు. ఆ పని ఇప్పుడు మరొక రూపంలో మీ వంతుకు వచ్చినది. ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు మీ పెద్దల ఫోనులో 1930 నెంబరును వ్రాసి పెట్టండి. చిరునామాను కుడినుంచి ఎడమకు చదువుట ఒక్కసారి చూపించండి. ఏ జాబునైనా నొక్కకముందు మిమ్ములను అడుగమని, అడిగినపుడు విసుగుకొనమని మాట ఇవ్వండి.